అరటిపండు తాకితే అక్షరం!

కీబోర్డు మీటలు ప్లాస్టిక్‌తోనే ఎందుకుండాలి? అరటిపండు, చపాతీ పిండి, పెన్సిల్ గీత, పట్టుచీర జరీ... కరెంటు పారే వస్తువేదైనా మీట అయిపోతుంది. ఆ సరంజామా అంతా కాలినడకన తిరిగి కొనుక్కోగలిగే బజారు మనకుంది. పదండి, కోఠికి!

హైదరాబాద్ కోఠిలో ఓ సన్నటి గల్లీ ఉంది. అందులోకి అడుగుపెట్టేముందు భుజానికున్న సంచీని గుండెలకు హత్తుకోవాలి. ఎదురుగా వచ్చే హమాలీ నెత్తిమీద మనిషంత స్పీకరు డబ్బా ఉంటుంది మరి. పక్కకు తప్పుకుందామంటే అక్కడ సైకిలు, దాని మీద వైర్ల చుట్టలు. అదే గుజరాతీ గల్లీ. రేడియోల కాలం నుంచి సెల్‌ఫోన్ల కాలం దాకా, ఊళ్లో ఏ యంత్రం మూగబోయినా దాని విడిభాగం కోసం మెకానిక్కులు పరిగెత్తుకొచ్చేది ఇక్కడికే.

దుకాణాలు చిన్నవి. గోడలనిండా మాత్రం వందలకొద్దీ చిన్న చిన్న అరలు. ఒకదాంట్లో పెసరగింజలంత రెజిస్టర్లు, ఒకదాంట్లో చింతగింజలంత కెపాసిటర్లు, ఇంకోదాంట్లో జొన్న కంకుల్లా మెరిసే ఎల్ఈడీ బల్బులు. మూలన ఎవరో సోల్డరింగ్ చేస్తుంటారు, సన్నటి పొగ ముక్కుకు తగులుతుంది. గల్లాపెట్టె దగ్గర హిందీ, గుజరాతీ, ఉర్దూ, తెలుగు కలగలిసి పారుతుంటాయి. పరీక్షలు దగ్గరపడ్డాయంటే బీటెక్ పిల్లలతో కాలు పెట్టే సందుండదు.

నా చేతిలో చీటీ చూసి దుకాణదారు కళ్లజోడు సర్దుకున్నాడు.

‘‘ప్రాజెక్టా అక్కా?’’

‘‘కాదు భాయ్, కీబోర్డు.’’

‘‘రెడీమేడ్‌వి పక్క షాపులో బోలెడున్నాయి కదా!’’

‘‘మీటలు మేమే చేసుకుంటాం.’’

ఆయన ఓసారి నన్ను, ఓసారి చీటీని చూశాడు. ఇలాంటి పిచ్చివాళ్లు రోజుకు నలుగురైనా వస్తారేమో, ఇంకేమీ అడగకుండా అరలు లాగడం మొదలెట్టాడు.

టైపు మాస్టారి చేతులు

ఈ కీబోర్డు మా మేనమామ కోసం. ఆయన ఓ జిల్లా కేంద్రంలో బస్టాండు దగ్గర మేడమీద ముప్ఫై ఏళ్లు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపారు. ఏ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్... అని మొదలెట్టి లోయరు, హయ్యరు పాసై ఉద్యోగాల్లో చేరినవాళ్లు ఆయన శిష్యుల్లో వందలమంది. హయ్యరు గట్టెక్కాలంటే నిమిషానికి 45 పదాలు కొట్టాలి. మామయ్య ఆ వేగంతో కొడుతూనే, పక్క మిషను మీద కుర్రాడు ఏ వేలితో తప్పు మీట నొక్కాడో చప్పుడును బట్టి చెప్పేవారు. గోద్రెజ్ కంపెనీ 1955లో తెచ్చిన దేశీ టైపు మిషన్ల వారసులు ఆయన గదిలో పన్నెండు ఉండేవి. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. 2011 నాటికి గోద్రెజ్ కూడా టైపు మిషన్ల తయారీ ఆపేసింది. అంతకు ముందే మామయ్య మేడమీది బోర్డు దించేశారు.

ఏడు నెలల క్రితం ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడిచేయి పడిపోయింది. ఎడమచేతి వేళ్లు కీళ్లవాతంతో ఎప్పటి నుంచో వంకర్లు పోయి ఉన్నాయి. మాట ముద్దగా వస్తుంది, అత్తయ్యకు కూడా సగం అర్థం కాదు. ‘ఆయనకు అన్నీ తెలుస్తున్నాయి, చెప్పడమే కష్టం’ అన్నారు డాక్టరుగారు. సెల్‌ఫోన్ ఇస్తే వణికే వేలు ఒక అక్షరం బదులు మూడక్షరాల మీద పడుతోంది. కంప్యూటరు కీబోర్డు ముందు పెడితే అరచేయి ఆనగానే పది మీటలు ఒకేసారి నొక్కుకుంటున్నాయి. జీవితమంతా మీటల మీద బతికిన మనిషి, వాటి వైపు చూడటం మానేశారు.

అరచేయంత మీట ఉంటే? నొక్కక్కర్లేకుండా, ఊరికే ఆనిస్తే పలికేదైతే? మా ఇంట్లో ఇంజినీరింగ్ చదివే కుర్రాడు వేసిన ప్రశ్న ఇది. దానికి జవాబు వెతికితే ఓ అరటిపండు దగ్గర తేలాం.

అరటిపండు పియానో

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, చార్లెస్ నది ఒడ్డున కేంబ్రిడ్జ్ అనే ఊరుంది. ఎంఐటీ ఉన్నది అక్కడే. ఆ విద్యాసంస్థలో 1985లో మొదలైన మీడియా ల్యాబ్‌లో ఓ బృందం పేరు ‘లైఫ్‌లాంగ్ కిండర్‌గార్టెన్’... అంటే జీవితాంతం బాలవాడి! మిచెల్ రెస్నిక్ నడిపే ఆ బృందమే పిల్లలు ఆడుతూ ప్రోగ్రాములు రాసుకునే ‘స్క్రాచ్’ను 2007లో లోకానికిచ్చింది. అక్కడి విద్యార్థులు జే సిల్వర్, ఎరిక్ రోజెన్‌బామ్ కలిసి అరచేతిలో పట్టే ఓ బోర్డు తయారుచేశారు. పేరు ‘మేకీ మేకీ’. మేక్, కీ అనే రెండు మాటలు కలిపి పెట్టిన పేరది. ‘మీట చేసుకో’ అన్నమాట.

దాని పని చిత్రంగా ఉంటుంది. బోర్డును కంప్యూటరుకు తగిలిస్తే, కంప్యూటరు దాన్ని మామూలు కీబోర్డే అనుకుంటుంది. బోర్డు నుంచి వచ్చే తీగల చివర్లను దేనికి తగిలిస్తే అది మీట. వరసగా అరటిపండ్లు పెట్టి తీగలు గుచ్చితే పియానో. మెట్లకు అతికిస్తే నడిచినప్పుడల్లా సరిగమలు. కాగితం మీద పెన్సిల్‌తో దట్టంగా గీసిన బొమ్మ కూడా వీడియో గేమ్ ఆడిస్తుంది.

2012లో వాళ్లు కిక్‌స్టార్టర్ ద్వారా జనాన్ని సొమ్ము అడిగారు. కోరింది పాతికవేల డాలర్లు. వచ్చింది 5,68,106 డాలర్లు! ఇచ్చినవాళ్లు 11,124 మంది. ఆ మరుసటి ఏడాది టెడ్ వేదిక మీద జే సిల్వర్ ఈ బోర్డు గురించి చెబుతూ ఓ తండ్రి సంగతి ప్రస్తావించారు. ఆయన కొడుక్కి సెరిబ్రల్ పాల్సీ. మామూలు కీబోర్డు వాడలేడు. అలాంటి పిల్లల కోసం ప్రత్యేకంగా చేసే పరికరాలు కొనే స్తోమత ఆ తండ్రికి లేదు. ఈ బోర్డుతో కొడుక్కి సరిపడేలా తొడుగుల్లాంటివి తానే చేసుకోవాలనుకున్నాడు. పియానో కథ విని నవ్వుకున్న మేము, ఈ కథ దగ్గర ఆగిపోయాం.

ఇంకో మంచి సంగతి... ఆ బోర్డు నమూనా, ప్రోగ్రాము రహస్యాలేమీ కావు. ఎవరైనా చూసి చేసుకోవచ్చు. అదే రకం చిప్‌తో వచ్చే చిన్న బోర్డులు గుజరాతీ గల్లీలో కొన్ని వందల రూపాయలకు దొరుకుతాయి.

నలభైనాలుగు లక్షల్లో ఒక వంతు

అరటిపండులో కరెంటేమిటి అనుకుంటున్నారా? పండులో నీరుంది, ఆ నీటిలో లవణాలున్నాయి. అవి కరెంటును పారనిస్తాయి. మన శరీరమూ అంతే. రాగి తీగలో పారినంత ధారాళంగా కాదు, కష్టంగా, కొద్దికొద్దిగా. ఆ కొద్దినీ పట్టుకోవడమే ఈ బోర్డు గొప్పతనం.

దీనికి రెజిస్టరు అనే చిన్న ముక్క కీలకం. ఇంట్లో నీళ్ల పైపు ఉందనుకోండి. పైనున్న ట్యాంకు నుంచి వెంట్రుకంత సన్నటి గొట్టంతో నీళ్లొస్తున్నాయి. కింద కుళాయి మూసి ఉంటే గొట్టం నిండుగా ఉంటుంది. కుళాయిని కాస్త తిప్పినా చాలు, సన్నటి ధార ఎక్కడ సరిపోతుంది? గొట్టం వెంటనే ఖాళీ అయిపోతుంది. ఇక్కడా అంతే. మేకీ మేకీలో ఒక్కో మీటకు 2.2 కోట్ల ఓముల రెజిస్టరు ఉంటుంది. దాని గుండా వచ్చే కరెంటు ఎంత సన్నగా ఉంటుందంటే, అరటిపండు, దాన్ని పట్టుకున్న మనిషి, ఆ మనిషి రెండో చేతిలోని ఎర్త్ తీగ... ఇంత దూరం ప్రయాణించాల్సొచ్చినా కుళాయి తెరిచినట్టే లెక్క. ‘మీట నొక్కారు’ అని బోర్డు కంప్యూటరుకు కబురు పంపుతుంది.

షాక్ కొట్టదా? కంప్యూటరు యూఎస్‌బీ నుంచి వచ్చేది 5 వోల్టులే. దాన్ని 2.2 కోట్లతో భాగించండి. ఒక ఆంపియరును 44 లక్షల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క! చీమ కుట్టినంత కూడా తెలియదు.

‘‘ఇరవై రెండు మెగా నా దగ్గర లేదక్కా’’ అన్నాడు దుకాణదారు. ఒక్క క్షణం ఆగి, ఇంకో అర లాగాడు. ‘‘పది మెగావి రెండు వరసగా కట్టుకో. ఇరవై అవుతుంది. పని నడుస్తది.’’ ఏ కాలేజీలో చదివాడో తెలియదు గానీ, ఆ సలహాకు గురుదక్షిణ ఇవ్వాల్సిందే. క్రొకడైల్ క్లిప్పులు, వైరు, బోర్డు, చివరికో మల్టీమీటరు... అన్నీ కలిపి సంచీలో వేశాడు.

మీటరు పట్టుకుని బజారులో

మల్టీమీటరులో ఓ సరదా ఉంది. దాని రెండు ముల్లుల మధ్య కరెంటు బాగా పారే వస్తువు పెడితే ‘బీప్’ అంటుంది. అది చేతిలో ఉంటే కోఠి అంతా ఓ ప్రయోగశాలే!

గల్లీ దాటి రోడ్డెక్కితే ఒకవైపు బ్యాంకులు, ఇంకోవైపు పుస్తకాల దుకాణాలు, మధ్యలో చాట్ కోసం గుమిగూడిన జనం. అసలు ఈ ప్రాంతానికి పేరు తెచ్చిన ‘కోఠి’ ఇక్కడికి దగ్గరే... పాత బ్రిటిష్ రెసిడెన్సీ. 1803లో జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ మొదలుపెట్టించిన ఆ తెల్లటి స్తంభాల భవంతి మీదికే 1857 జులై 17న తుర్రెబాజ్‌ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ దండెత్తారు. స్వాతంత్ర్యం వచ్చాక అది ఆడపిల్లల కాలేజీ అయింది. ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరుతో మహిళా విశ్వవిద్యాలయం. కిర్క్‌పాట్రిక్ ప్రేమకథ కన్నా, అక్కడ చదువుకున్న వేలమంది ఆడపిల్లల కథలే నాకు పెద్దవనిపిస్తాయి.

సుల్తాన్‌బజార్ మొదలయ్యేచోట గాజుల బండి ఆగి ఉంది. గాజు గాజులు... మీటరు మౌనం. స్టీలు గాజులు... బీప్! బంగారు రంగు ప్లాస్టిక్‌వి... మళ్లీ మౌనం. ‘‘అసలుదో నకిలీదో చెప్తదా మేడం అది?’’ అని బండి అతను కంగారుపడ్డాడు. ‘‘లేదు బాబూ, కరెంటు పారుతుందో లేదో చెబుతుందంతే’’ అన్నాక ఊపిరి పీల్చుకున్నాడు. పక్కనే ఉన్న ఆడవాళ్లకు మాత్రం ఉత్సాహం వచ్చింది. మెడలో గొలుసు, కాలి మెట్టె, తాళాల గుత్తి, చిల్లర పైసలు... అన్నీ ముందుకొచ్చాయి. లోహమన్నది ప్రతిదీ పలికింది.

పండ్ల బండి దగ్గర అరటిపండు మాత్రం బీప్ అనలేదు. అది చాలా కష్టంగా పారనిచ్చే వస్తువు కదా! మీటరును ఓముల వైపు తిప్పితే అంకెలు కదిలాయి. చిలగడదుంప, జామకాయ, కొత్తిమీర కట్ట... అన్నిటికీ ఏదో ఒక అంకె ఉంది. మనిషికీ ఉంది. పొడి చేతులతో పట్టుకుంటే ఎక్కువ, నాలుక మీద తడి చేసుకుని పట్టుకుంటే తక్కువ. బండి పెద్దాయన తన రెండు వేళ్లూ పెట్టి, తన అంకె తాను చూసుకుని మురిసిపోయాడు.

ఇదే సుల్తాన్‌బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఉంది. నిజాం రాజ్యంలో తెలుగు అక్షరం నిలబడటానికి 1901లో కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావులాంటి పెద్దలు స్థాపించిన గ్రంథాలయం. తెలుగులో ఒక్క వాక్యం చెప్పుకోవడం కోసం మనుషులు ఎంత తాపత్రయపడతారో ఆ మెట్లు చూసినప్పుడు గుర్తుకొచ్చింది. మా మామయ్య తాపత్రయమూ అదే.

జరీకి ఓ మాట వచ్చింది

చివరి మజిలీ చీరల దుకాణం. పట్టుచీర అంచును పట్టుకుని మీటరు పెడతానంటే సేల్స్‌మన్ మొదట ఒప్పుకోలేదు. ముల్లు గుచ్చనని, ఊరికే ఆనిస్తానని మాటిచ్చాక ఒప్పుకున్నాడు. చవక చీర అంచు ఉలకలేదు, పలకలేదు. తర్వాత లోపలి బీరువాలోంచి తీసిన పెళ్లిచీర... బీప్!

కారణం తేలికే. అసలు జరీ అంటే పట్టుదారం చుట్టూ వెండి రేకు చుట్టి, పైన బంగారు పూత పూసింది. వెండిని మించి కరెంటును పారనిచ్చే లోహం లేదు. వెండికి బదులు రాగి వాడిన జరీ కూడా పలుకుతుంది. మెరుపు పూసిన ప్లాస్టిక్ పొరతో చేసిన జరీ మాత్రం పైకి ఎంత ధగధగలాడినా మీటరు ముందు మూగబోయింది. కాబట్టి బీప్ వచ్చినంత మాత్రాన అది వెండి అని పందెం కాయకండి, రాగి కూడా కావచ్చు.

ఈ జరీ సంగతి ఎంఐటీకి మనకన్నా ముందే తెలుసు! 1990ల చివర్లో అక్కడి మీడియా ల్యాబ్‌లోనే రెహ్మీ పోస్ట్, మ్యాగీ ఆర్థ్ అనే పరిశోధకులు ఉతుక్కోగల కంప్యూటరు కోసం ప్రయత్నించారు. అందుకు వాడిన వాటిలో మన దేశంలో ఎప్పటి నుంచో నేసే రకం పట్టు ఆర్గాంజా ఒకటి. పట్టుదారానికి సన్నటి లోహపు రేకు చుట్టి నేసిన బట్ట. దాంతో వాళ్లు గుడ్డతోనే మీటలు కుట్టారు. రెండు జరీ పొరలు, మధ్యలో రంధ్రాలున్న వల గుడ్డ. వేలితో నొక్కితే రంధ్రంలోంచి పై పొర కింది పొరను తాకుతుంది, మీట పలుకుతుంది. ఓ కోటు మీద మీటలు ఎంబ్రాయిడరీ చేసి, దాన్ని తాకితే సంగీతం వచ్చేలా చేశారు. ఇదంతా 2000లో ఐబీఎం సిస్టమ్స్ జర్నల్‌లో రాశారు కూడా. మన మగ్గం మీది పట్టు, మసాచుసెట్స్‌లో మీట అయింది!

ఈ సంగతి ఫోనులో చెబితే అత్తయ్య కాసేపు మాట్లాడలేదు. ‘‘మా పెళ్లిచీర అంచు అసలు వెండిదే. మడతల దగ్గర చీర చిరిగిపోయింది గానీ అంచు గట్టిగానే ఉంది. మొన్న పాత చీరలవాడు వస్తే ఇచ్చేద్దామనుకున్నా’’ అంది. తర్వాత నెమ్మదిగా అడిగింది. ‘‘ఎంత ముక్క కావాలే?’’

ఒకటే వాక్యం

మూడు ముక్కలు చాలు. అత్తయ్యే కత్తెర పట్టి కోసింది. అరచేయంత వెడల్పు ముక్కల్ని ఓ చెక్కపీట మీద మందపాటి గుడ్డ పరిచి, దూరం దూరంగా కుట్టింది. ఒక్కోదానికి ఒక క్లిప్పు, ఒక తీగ. ఒకటి స్పేస్, ఒకటి తప్పు చెరిపే మీట, ఒకటి ఎంటర్.

మూడు మీటలతో యాభైకి పైగా అక్షరాలు ఎలా? దానికో ఉపాయం ఉంది. విండోస్ కంప్యూటరులో తెరమీదే కనిపించే కీబోర్డు ఉంటుంది. అందులో ‘స్కాన్’ పద్ధతి ఎంచుకుంటే, వరసలు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతూ పోతాయి. కావలసిన వరస వెలిగినప్పుడు మీట తాకాలి. తర్వాత ఆ వరసలోని అక్షరాలు వెలుగుతూ పోతాయి. కావలసినది వెలిగినప్పుడు మళ్లీ తాకాలి. ఒక్క మీటతో ఏదైనా రాయొచ్చు. తెలుగు కీబోర్డు పెట్టుకుంటే తెలుగులోనే. భౌతికశాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ ఇలాంటి పద్ధతిలోనే రాసేవారు... మొదట బొటనవేలితో, తర్వాత్తర్వాత చెంప కదలికతో. ఆయన కోసం ఇంటెల్ సంస్థ చేసిన సాఫ్ట్‌వేరును 2015లో అందరికీ ఉచితంగా ఇచ్చేసింది.

ఇక ఎర్త్ తీగ ఎక్కడ కట్టాలి? మా కుర్రాడు చుట్టూ చూసి నవ్వాడు. మామయ్య ఎడమచేతికి ఏళ్లుగా ఓ రాగి కడియం ఉంది. కీళ్లనొప్పులు తగ్గుతాయని ఎవరో చెబితే వేసుకున్నారు. అది నొప్పి తగ్గిస్తుందని శాస్త్రం ఒప్పుకోదు. ఆయన నొప్పీ తగ్గలేదు. ఎర్త్ తీగకు మాత్రం అంతకన్నా మంచి చోటు లేదు!

పీట ఆయన ఒళ్లో పెట్టాం. తెరమీద వరసలు వెలుగుతున్నాయి. ఆయన చాలాసేపు కదల్లేదు, చూస్తూ కూర్చున్నారు. ఇష్టం లేదేమో అనుకున్నాం. కాదు... లయ పట్టుకుంటున్నారు. ముప్ఫై ఏళ్లు శిష్యులకు నేర్పింది అదే కదా! తర్వాత వంకర వేళ్ల చేతిని ఎత్తి జరీ మీద ఆనించారు. వరస ఆగింది. మళ్లీ ఆనించారు. ‘క’ పడింది.

వెలుగు మరీ వేగంగా పోతోందని సైగ చేశారు, తగ్గించాం. రెండుసార్లు తప్పు పడితే చెరిపే మీట తాకి తానే దిద్దుకున్నారు. ఒక వాక్యానికి పద్దెనిమిది నిమిషాలు పట్టింది. అత్తయ్య కళ్లజోడు తుడుచుకుని తెర దగ్గరకు వంగి చదివింది.

‘కాఫీలో చక్కెర ఎక్కువ’.

ఏడు నెలలు! రోజుకు రెండుసార్లు ఆ తీపి కాఫీ తాగుతూనే ఉన్నారట మనిషి. అత్తయ్య నవ్వుతూ ఏడ్చింది. ‘‘చెప్పొచ్చు కదండీ’’ అనేసి, నోరు మూసుకుంది. ఆయన మూతి ఒక పక్కకు వంగింది. అది నవ్వేనని మా అందరికీ తెలుసు.

ఆ తర్వాత ఆయన రోజూ రాస్తున్నారు. వేగం పెరిగింది. బ్యాంకు పుస్తకం ఏ అరలో ఉందో రాశారు. మనవడి తెలుగులో తప్పులు దిద్దుతున్నారు. పీటను రెండంగుళాలు ఎడమకు జరపమని రాశారు. ఇంకో మీట కావాలన్నారు, దాన్ని నొక్కితే గంట మోగాలట, మనుషుల్ని పిలవడానికి. నాలుగో జరీ ముక్కతో అదీ అయిపోయింది.

మీ ఇంట్లోనూ...

ఇదంతా చేయడానికి ఇంజినీర్లే కానక్కర్లేదు. సెలవుల్లో పిల్లలతో కూర్చుని చూడండి.

* పాడైన కీబోర్డు: మూలన పడేసిన యూఎస్‌బీ కీబోర్డు ఉంటే స్క్రూలు విప్పండి. లోపల గీతలు అచ్చేసిన పారదర్శకపు పొరలు, ఓ మూల చిన్న సర్క్యూటు ఉంటాయి. ఆ సర్క్యూటే మనకు కావాలి. నోట్‌ప్యాడ్ తెరిచి, దాని అంచున ఉన్న చుక్కల్లో ఏ రెండింటిని తీగతో కలిపితే ఏ అక్షరం పడుతుందో రాసుకోండి. ఆ రెండిటికీ తీగలు కలిపి, చివర్లలో హోటలు పార్సిళ్లకు వాడే అల్యూమినియం రేకు అతికించండి. రేకూ రేకూ తాకితే అక్షరం పడుతుంది. దీనికి పండ్లు, మనిషి స్పర్శ సరిపోవు. రేకు, స్టీలు చెంచా, రాగి చెంబులాంటి లోహాలే కావాలి.

* పెన్సిల్ మీట: మెత్తటి 6బీ పెన్సిల్‌తో దట్టంగా దిద్దితే గ్రాఫైట్ గీతే తీగ అవుతుంది. దీనికి మాత్రం మేకీ మేకీలాంటి బోర్డు ఉండాలి.

* పిండి మీట: చపాతీ పిండిలో ఉప్పు బాగా వేసి కలిపితే కరెంటు పారుతుంది. ఉప్పు మానేసి చక్కెర వేసి కలిపిన పిండి చాలావరకు అడ్డుకుంటుంది. అమెరికాలో యాన్‌మేరీ థామస్ అనే అధ్యాపకురాలు పిల్లలకు సర్క్యూట్లు నేర్పడానికి పాపులర్ చేసిన పద్ధతి ఇది. రెండు ఉప్పు ముద్దల మధ్య ఓ చక్కెర ముద్ద పెడితే గోడ కట్టినట్టే.

* జాగ్రత్త: ఈ ఆటలన్నీ యూఎస్‌బీ 5 వోల్టులతోనే. గోడ ప్లగ్గుల జోలికి, మెయిన్ కరెంటు జోలికి పిల్లల్ని వెళ్లనివ్వకండి. లాప్‌టాప్ అయితే చార్జరు తీసేసి బ్యాటరీ మీద వాడండి. పేస్‌మేకరు ఉన్నవాళ్లు డాక్టరును అడిగాకే ముట్టుకోవాలి.

కోఠికి వెళ్లడం ఇప్పుడు తేలికే. మెట్రోలో ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషనులో గానీ, సుల్తాన్‌బజార్ స్టేషనులో గానీ దిగితే నడిచేంత దూరం. గుజరాతీ గల్లీలో ఆదివారం చాలా దుకాణాలు తెరవరు, మామూలు రోజు మధ్యాహ్నం లోపు వెళ్తే రద్దీ తక్కువ. పేర్లు తెలియకపోతే మొహమాటపడకండి, ఏం చేయాలనుకుంటున్నారో చెప్పండి. అరలు లాగే చేతులకు అన్నీ తెలుసు. పనయ్యాక మొజంజాహీ మార్కెట్ దాకా నడవండి. ఏడో నిజాం కుమారుడి పేరుతో 1935లో కట్టిన రాతి కట్టడం, 2020లో మరమ్మతులయ్యాక కొత్త కళతో ఉంది. పిల్లలకు అక్కడి పండ్ల ఐస్‌క్రీం తప్పనిసరి.

ఆ పాత రాళ్ల నీడలో కూర్చుంటే ఓ సంగతి తోచింది. 1868లో క్రిస్టఫర్ షోల్స్ పేటెంటు తీసుకున్న టైపు మిషనుకు ఇప్పటిలాంటి మీటలు లేవు, పియానో మెట్లలాంటివి ఉండేవి. తర్వాత అందరి వేళ్లూ ఒకటేనన్నట్టు అందరికీ ఒకటే కీబోర్డు వచ్చింది. దాని మీద పట్టు చిక్కనివాళ్లు పక్కకు తప్పుకున్నారు. అలాంటివాళ్లు మన ఇళ్లల్లో ఉన్నారు... నాన్నమ్మో, బాబాయో, పుట్టుకతోనే వేళ్లు మాట వినని చిన్నారో. వాళ్ల చేతిని ఒకసారి పరికించి చూడండి. ఏ వైపు కదులుతుంది? ఎంత దూరం కదులుతుంది? మీట ఆ కొలతకు చేయొచ్చు.

అన్నట్టు, ‘పాత పట్టుచీరలు కొంటాం’ అంటూ వీధిలో కేక వినిపిస్తే తొందరపడకండి. కాల్చి వెండి తీసుకుంటారు. ఆ అంచులో అంతకన్నా విలువైన పని ఏదైనా మిగిలి ఉందేమో, ముందు ఇంట్లో అడగండి.